విద్యుత్ మార్కెట్ సిమ్యులేటర్‌కు కోడ్ అందించడం: చేతిలెక్క నుంచి మెర్జ్ దాకా

మామూలు ప్రోగ్రాములో తప్పు దొర్లితే అది ఎక్కడో ఒకచోట ఆగిపోయి, దోష సందేశం చూపించి, తన ఉనికిని తానే చాటుకుంటుంది. విద్యుత్ మార్కెట్‌ను అనుకరించే సాఫ్ట్‌వేర్‌లో తప్పులు అంత మర్యాదగా ప్రవర్తించవు. యూనిట్ల మార్పిడి ఒకచోట మరిచిపోయినా సాల్వర్ (గణిత సమస్యను పరిష్కరించే ప్రోగ్రాము) నింపాదిగా పని ముగించి, ఉత్తమ పరిష్కారం దొరికిందని ప్రకటించి, చూడడానికి నమ్మేలాగే ఉండే ధరల పట్టికను మన చేతిలో పెడుతుంది. ఆ పట్టికను పట్టుకుని ఒకరు పరిశోధన పత్రం రాస్తారు, మరొకరు బ్యాటరీ మీద పెట్టుబడి గిట్టుబాటవుతుందో లేదో తేల్చుకుంటారు. కాబట్టి ఇలాంటి ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకు కోడ్ అందించదలచిన డెవలపర్‌కు ప్రోగ్రామింగ్ నైపుణ్యం కన్నా ముందు అలవడవలసినది ఒకటుంది: కాగితం మీద చేత్తో వేయగలిగినంత చిన్న మార్కెట్‌ను ఎప్పుడూ పక్కన ఉంచుకోవడం. దీన్ని ఇకపై చేతిలెక్క అంటాను. ఇష్యూ (సమస్య నివేదిక) రాసేటప్పుడు, కోడ్ మార్చేటప్పుడు, రివ్యూలో వాదించేటప్పుడు అన్నిచోట్లా అదే అక్కరకొస్తుంది.

మొదటి మెట్టు: ప్రాజెక్టు ఎంపిక

ఈ రంగంలోని సాఫ్ట్‌వేర్‌ను స్థూలంగా రెండు జాతులుగా చూడవచ్చు. మొదటి జాతి మార్కెట్ మొత్తాన్ని ఒకే గణిత సమస్యగా రాసి, మొత్తం ఖర్చు కనిష్ఠమయ్యేలా పరిష్కరిస్తుంది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో మొదలై ఇప్పుడు బెర్లిన్ సాంకేతిక విశ్వవిద్యాలయం కేంద్రంగా సాగుతున్న పైప్సా, జూలియా భాషలో రాసిన జెన్‌ఎక్స్, ఫ్రాన్స్ ట్రాన్స్‌మిషన్ సంస్థ ఆర్‌టీఈ నుంచి వచ్చిన అంటారెస్ ఈ కోవలోనివి. రెండో జాతి ఏజెంట్ ఆధారితం. అందులో ప్రతి ఉత్పత్తిదారూ ఎంత విద్యుత్ ఎంత ధరకు అమ్ముతానో చెప్పే తన బిడ్‌ను తానే నిర్ణయించుకుంటాడు, మార్కెట్ ఆ బిడ్లను వరుసలో పేర్చి ధర తేలుస్తుంది. జర్మన్ ఏరోస్పేస్ సంస్థ డీఎల్ఆర్ జావాలో రూపొందించిన అమిరిస్, పైథాన్‌లో రాసిన అస్యూమ్ ఈ తరహావి. గణితం మీద మక్కువ ఉన్నవారికి మొదటిది, మార్కెట్ నిబంధనలూ మనుషుల ఎత్తుగడలూ ఆసక్తి కలిగించేవారికి రెండోది నప్పుతుందని నా అభిప్రాయం.

ఏ ప్రాజెక్టునైనా ఎంచుకునే ముందు లైసెన్సు ఫైలు చదవాలి. పైప్సాది ఎంఐటీ లైసెన్సు, అమిరిస్‌ది అపాచీ, అస్యూమ్‌ది ఏజీపీఎల్. ఒక లైసెన్సు కింద ఉన్న కోడ్‌ను ఇంకో లైసెన్సు ప్రాజెక్టులో ఎత్తి పెట్టడం అన్ని సందర్భాల్లోనూ కుదరదు కాబట్టి, వేరే సిమ్యులేటర్‌లో కనిపించిన ఫంక్షన్ నచ్చింది కదా అని అతికించకూడదు. ఉద్యోగంలో ఉన్నవారు, పని వేళల బయట రాసిన కోడ్ ఎవరికి చెందుతుందో తమ ఒప్పందంలో ముందే చూసుకోవాలి. ఆ తర్వాత గత కొద్ది నెలల పుల్ రిక్వెస్టులను (మార్పును ప్రాజెక్టులో కలపమని కోరే అభ్యర్థనలను) ఓపికగా చదివితే, బయటివారి మార్పులకు ప్రాజెక్టును నిర్వహించే మెయింటైనర్లు ఎలా స్పందిస్తున్నారో, వారు ఏ విషయంలో పట్టుదలగా ఉంటారో తెలిసిపోతుంది.

రెండో మెట్టు: ఏమీ మార్చకుండా నడిపి చూడడం

ప్రాజెక్టును ఫోర్క్ చేసి, క్లోన్ చేసి, ప్రత్యేకమైన వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో డెవలపర్ వెర్షన్ ఇన్‌స్టాల్ చేసుకోవాలి. ఆప్టిమైజేషన్ నమూనాలకు సాల్వర్ కావాలి. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకున్న హైస్ ఉచితంగా దొరుకుతుంది, దానిదీ ఎంఐటీ లైసెన్సే, కాబట్టి వాణిజ్య సాల్వర్ కోసం వెతుక్కోవలసిన అవసరం లేదు. తర్వాత ఒక్క అక్షరం కూడా మార్చకముందే టెస్టులన్నీ నడిపి, ఏవి పాసయ్యాయో, ఏవి మొదటినుంచే ఫెయిలవుతున్నాయో రాసిపెట్టుకోవాలి. ఈ చీటీ లేకపోతే రేపు ఏదైనా టెస్టు విరిగినప్పుడు అది మన మార్పు వల్లనో కాదో తేల్చడానికి ఒక పూట పోతుంది.

మూడో మెట్టు: చేతిలెక్క తయారు చేసుకోవడం

ఇక్కడ తొందరపడకూడదు. ఒకే గంట, ఒకే ప్రాంతం, మూడు ప్లాంట్లు తీసుకుందాం. పవన విద్యుత్ 100 మెగావాట్లు, ఇంధన ఖర్చు సున్నా. బొగ్గు 60 మెగావాట్లు, మెగావాట్ అవర్‌కు 30 యూరోలు. గ్యాస్ 50 మెగావాట్లు, మెగావాట్ అవర్‌కు 70 యూరోలు. గిరాకీ 130 మెగావాట్లయితే పవనం పూర్తిగా 100 ఇస్తుంది, మిగిలిన 30 బొగ్గు ఇస్తుంది. చివరి మెగావాట్‌ను అందించేది బొగ్గు కాబట్టి ధర 30 యూరోలు, ఆ గంటకు మొత్తం ఉత్పత్తి ఖర్చు 900 యూరోలు. గిరాకీ 170కి పెరిగితే బొగ్గు నిండిపోయి గ్యాస్ 10 మెగావాట్లు ఇవ్వాలి. ధర 70కి ఎగబాకుతుంది, ఖర్చు 1,800కు 700 కలిపి 2,500 యూరోలవుతుంది. సిమ్యులేటర్‌లో ఇదే మార్కెట్‌ను కట్టి, ఈ అంకెలు అచ్చంగా వస్తున్నాయో లేదో చూడాలి.

ఇప్పుడు గిరాకీని సరిగ్గా 160 మెగావాట్లు చేసి చూడండి. పవనం 100, బొగ్గు 60, లెక్క సరిపోయింది. మరి ధర ఎంత? ఒక మెగావాట్ తగ్గిస్తే 30 యూరోలు మిగులుతాయి, ఒక మెగావాట్ పెంచితే 70 యూరోలు పడతాయి. గణితపరంగా 30కీ 70కీ మధ్య ఏ ధరైనా సరైనదే. సాల్వర్ వాటిలో ఏదో ఒకటి ఇస్తుంది, సాల్వర్ వెర్షన్ మారితే ఇంకొకటి ఇవ్వవచ్చు. కొత్తవారు తప్పుగా నమోదు చేసే ఇష్యూలలో ఈ తరహావి తరచూ కనిపిస్తాయి: వేరే కంప్యూటర్‌లో ధర వేరుగా వస్తోంది, ఇది బగ్ అని. మెట్టు అంచున నిలబడ్డ గిరాకీకి ధర ఒక్కటే కాదని చేతిలెక్క వేసినవారికి వెంటనే తెలుస్తుంది.

దీనికి రెండో ప్రాంతం కలిపితే చేతిలెక్క పూర్తవుతుంది. ఉత్తరాన 100 మెగావాట్ల పవనం, 40 మెగావాట్ల గిరాకీ. దక్షిణాన అదే బొగ్గు, అదే గ్యాస్, 90 మెగావాట్ల గిరాకీ. రెంటినీ కలిపే లైను 50 మెగావాట్లు మాత్రమే మోయగలదు. ఉత్తరాన మిగులు 60 ఉన్నా 50 మాత్రమే దాటుతుంది, 10 మెగావాట్ల గాలి వృథా అవుతుంది. దక్షిణాన బొగ్గు 40 ఇస్తుంది. ఉత్తరాన ధర సున్నా, దక్షిణాన 30. వినియోగదారులు చెల్లించేది 90 ఇంటూ 30, అంటే 2,700 యూరోలు. ఉత్పత్తిదారులకు చేరేది 40 ఇంటూ 30, అంటే 1,200. మధ్యలో మిగిలిన 1,500 యూరోలు ఎక్కడికి పోయాయి? లైను మోసిన 50 మెగావాట్లను ధరల తేడా 30తో గుణిస్తే అదే 1,500 వస్తుంది. దాన్నే రద్దీ ఆదాయం అంటారు. చెల్లించినది, చేరినది, రద్దీ ఆదాయం ఈ మూడూ పైసాతో సహా సరిపోవాలన్నది సిమ్యులేటర్‌ను పరీక్షించడానికి నాకు తెలిసిన అత్యంత నమ్మకమైన తనిఖీ. నష్టాలు లేని సరళ నమూనాలో ఇది సరిపోకపోతే ఎక్కడో డబ్బు పుట్టుకొస్తోంది, లేదా మాయమవుతోంది.

నాలుగో మెట్టు: పని ఎంచుకోవడం

కొత్తవారి కోసం గుర్తు పెట్టిన ఇష్యూలు చాలా ప్రాజెక్టుల్లో ఉంటాయి. డాక్యుమెంటేషన్‌లో యూనిట్లు సరిదిద్దడం చిన్నపనిగా కనిపించినా ఈ రంగంలో దానికి విలువ ఎక్కువ. ఒక పారామితి మెగావాట్లలోనా, మెగావాట్ అవర్లలోనా అన్నది రాసి లేకపోతే వాడుకరి ఊహించుకుంటాడు, ఆ ఊహే ఫలితమవుతుంది. అయితే ఒక గట్టి పనిని మొదటినుంచి చివరిదాకా చూపిస్తేనే పద్ధతి అర్థమవుతుంది కాబట్టి, సిమ్యులేటర్ల రచయితలందరికీ తలనొప్పి తెచ్చిన కాలవ్యవధి సమస్యను తీసుకుంటాను.

చాలా నమూనాలు పుట్టినప్పుడు మార్కెట్ గంటల లెక్కన నడిచేది. గంటలో 50 మెగావాట్లు అంటే 50 మెగావాట్ అవర్లే, కాబట్టి శక్తినీ (మెగావాట్ అవర్లు) సామర్థ్యాన్నీ (మెగావాట్లు) కలగాపులగం చేసి రాసిన కోడ్ కూడా సరైన జవాబే ఇచ్చేది. ఆస్ట్రేలియా జాతీయ విద్యుత్ మార్కెట్ 2021 అక్టోబరు 1 నుంచి ప్రతి ఐదు నిమిషాలకు చెల్లింపులు లెక్కగట్టే సెటిల్‌మెంట్‌కు మారింది. యూరప్ ఉమ్మడి డే అహెడ్ (మరుసటి రోజు సరఫరాకు ముందురోజే బేరం కుదిరే) మార్కెట్ 2025 అక్టోబరు 1 సరఫరా నుంచి పావుగంట వ్యవధికి మారింది. ఇన్నాళ్లూ ఒకటితో గుణించడం వల్ల కనిపించకుండా ఉన్న తప్పులు 0.25తో గుణించవలసి వచ్చేసరికి ఒక్కొక్కటే బయటపడతాయి.

చేతిలెక్కను పావుగంటకు మార్చి చూద్దాం. గిరాకీ 130 మెగావాట్లే, ధర 30గానే ఉండాలి, ఖర్చు మాత్రం 900లో నాలుగో వంతు, 225 యూరోలు కావాలి. ఒక నమూనాలో మొదటిసారి ఈ ప్రయోగం చేసినప్పుడు నాకు ఖర్చు 225 సరిగ్గానే వచ్చింది, ధర మాత్రం 7.5 వచ్చింది. ఖర్చు సరిగ్గా ఉంది కాబట్టి ధరను తెచ్చే ఇన్‌పుట్ ఫైలులోనే తప్పుందనుకుని రెండు రోజులు దాని చుట్టూ తిరిగాను. కారణం చాలా సూటిగా ఉంది. ధరను సాల్వర్ నేరుగా ఇవ్వదు. గిరాకీ, సరఫరా సమానం కావాలన్న నిబంధన తాలూకు డ్యూయల్ విలువను (ఆ నిబంధన ఒక యూనిట్ మారితే మొత్తం ఖర్చు ఎంత మారుతుందో చెప్పే అంకెను) మనం ధరగా చదువుకుంటాం. ఆ నిబంధన మెగావాట్లలో ఉంది, లక్ష్యఫలంలోని (కనిష్ఠం చేయవలసిన మొత్తంలోని) ఖర్చేమో 0.25తో గుణించి ఉంది. గిరాకీ ఒక మెగావాట్ పెరిగితే పావుగంటకు పెరిగే ఖర్చు 7.5 యూరోలే, సాల్వర్ చెప్పింది అక్షరాలా నిజం. దాన్ని 0.25తో భాగించి మెగావాట్ అవర్ ధరగా మార్చే బాధ్యత మన కోడ్‌ది, ఆ ఒక్క పంక్తే అక్కడ లేదు.

ఐదో మెట్టు: కోడ్ మార్చడం

అలాంటి తప్పు ఒకచోట దొరికితే దాని తోబుట్టువులు ఇంకెక్కడో ఉంటాయి. పంక్తి సరిచేసి ఊరుకోకుండా, కాలవ్యవధి తగిలే ప్రతిచోటా ఈ విలువ సామర్థ్యమా, శక్తా, ఒక సంఘటనా అని ప్రశ్నించుకుంటూ పోవాలి. బ్యాటరీని 20 మెగావాట్లతో పావుగంట చార్జ్ చేస్తే, చార్జింగ్ దక్షత 90 శాతమైతే, నిల్వ 4.5 మెగావాట్ అవర్లు పెరగాలి. వ్యవధి మరిచిన కోడ్ 18 కలుపుతుంది, దాంతో బ్యాటరీలో చేరిన శక్తి నాలుగింతలుగా కనిపిస్తుంది. గంటకు 40 మెగావాట్ల కన్నా వేగంగా ఉత్పత్తి పెంచలేని ప్లాంటుకు పావుగంటలో పరిమితి 10. కోడ్ దాన్ని ఒక్కో వ్యవధికి 40 అని చదివితే అది గంటలో 160 ఎక్కగల మాయ ప్లాంటు అవుతుంది. నిల్వలో గంటకు 1 శాతం స్వయంనష్టం ఉంటే పావుగంటకు మిగిలేది 0.99 యొక్క పావు ఘాతం, 0.99ను 0.25తో గుణిస్తే నిల్వలో మూడొంతులు ఒక్క పావుగంటలో ఆవిరైపోతుంది.

అయితే కనిపించిన ప్రతిదాన్నీ 0.25తో గుణించడం కూడా తప్పే. ప్లాంటును స్టార్ట్ చేసే ఖర్చు ఒక సంఘటనకు సంబంధించినది, వ్యవధి ఎంతైనా అది మారదు. ప్లాంటు ఆన్, ఆఫ్ నిర్ణయాలు పూర్ణాంకాలుగా ఉన్న నమూనాల్లో ఇంకో చిక్కుంది: పూర్ణాంక సమస్యకు డ్యూయల్ విలువలు నేరుగా రావు. ముందు ఆన్, ఆఫ్ నిర్ణయాలు తేల్చి, వాటిని స్థిరపరచి, మిగిలిన సరళ సమస్యను మళ్లీ పరిష్కరించి ధరలు తీయడం వాడుకలో ఉన్న పద్ధతి. మనం ధర పంక్తి సరిచేసేటప్పుడు ఈ రెండో దారిలోనూ సరిచేశామో లేదో చూసుకోవాలి.

వేగం సంగతీ మరువకూడదు. ఏడాదికి 8,760 గంటలుంటే పావుగంటలు 35,040 అవుతాయి. వంద ప్లాంట్లుంటే ఉత్పత్తి చలరాశులే 35 లక్షలు దాటతాయి. పైథాన్‌లో ఒక్కో ప్లాంటుకూ ఒక్కో వ్యవధికీ లూప్ తిప్పే కోడ్ చిన్న ఉదాహరణలో చక్కగా నడిచి, అసలు నమూనాలో గంటల తరబడి కూర్చోబెడుతుంది. ప్రాజెక్టు ఇప్పటికే అరేల మీద ఒకేసారి లెక్క చేసే పద్ధతి వాడుతుంటే మన మార్పు కూడా అదే బాటలో ఉండాలి.

ఆరో మెట్టు: టెస్టులు

చేతిలెక్క ఇక్కడ టెస్టుగా మారుతుంది. నేను మొదట రాసే టెస్టు ఒకటే: ఒక గంటను నాలుగు ముక్కలు చేసి, నాలుగింటిలోనూ అదే గిరాకీ పెట్టి నడిపితే, మొత్తం ఖర్చు, ధర, ప్రతి ప్లాంటు ఇచ్చిన శక్తి, చివరి నిల్వ (స్వయంనష్టం ఉన్న నమూనాలోనైతే చార్జింగ్ లేని ఉదాహరణలో) అన్నీ ముక్కలు చేయని గంటతో సమానం కావాలి. ఇన్‌పుట్‌ను ఒకేలా కోసినప్పుడు ఫలితం మారకూడదన్న ఈ ఒక్క నియమం పైన చెప్పిన తప్పుల్లో చాలావాటిని పట్టేస్తుంది. ర్యాంప్ పరిమితిని (ఉత్పత్తి పెంచే వేగం మీది పరిమితిని) మాత్రం గిరాకీ మారే ఉదాహరణతో విడిగా పరీక్షించాలి, ఎందుకంటే గిరాకీ స్థిరంగా ఉంటే ఆ నిబంధనకు పనే ఉండదు. పాత కోడ్ మీద ఈ టెస్టు ఫెయిలవడం కళ్లారా చూశాకే మార్పు మొదలుపెట్టాలి. ఎన్నడూ ఫెయిలవని టెస్టు ఏమి కాపాడుతుందో చెప్పలేం.

దశాంశాలను అచ్చంగా సమానమని పోల్చకుండా చిన్న తేడాను అనుమతించాలి. 160 మెగావాట్ల గిరాకీ వంటి అంచు కేసులో ధర 30కీ 70కీ మధ్య ఉందని మాత్రమే పరీక్షించాలి. ఒకే ఖర్చున్న రెండు ప్లాంట్లుంటే ఏది ఎంత ఇచ్చిందని అడగకుండా రెండూ కలిసి ఎంత ఇచ్చాయని అడగాలి. ధర రుణాత్మకమయ్యే కేసు ఒకటి తప్పక ఉండాలి, ఎందుకంటే సబ్సిడీ అందుకునే ఉత్పత్తిదారు డబ్బు ఎదురిచ్చి అయినా అమ్మడానికి సిద్ధపడతాడు, ధర ఎప్పుడూ సున్నాకు పైనే అనుకుని రాసిన పంక్తులు అప్పుడే దొరుకుతాయి. ఏజెంట్ ఆధారిత నమూనాలో యాదృచ్ఛిక సంఖ్యల వరుసను నిర్ణయించే మొదటి విలువ, అంటే సీడ్‌ను స్థిరపరచకపోతే టెస్టు ఈరోజు పాసై రేపు ఫెయిలవుతుంది.

వేసవికీ శీతాకాలానికీ గడియారాన్ని గంట ముందుకో వెనక్కో జరిపే రోజులు తప్పులకు ఇంకో గని. యూరప్‌లో 2025 మార్చి 30న రోజుకు 23 గంటలు, అక్టోబరు 26న 25 గంటలు. పావుగంటల్లో చెబితే 92, 100. రోజుకు 96 అని నేరుగా అంకె రాసిన కోడ్ ఈ రెండు రోజుల్లోనూ తప్పటడుగు వేస్తుంది. లోపల సమయమంతా యూటీసీలో (గడియారం మార్పులు లేని ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంచి, చూపించేటప్పుడు మాత్రమే స్థానిక సమయానికి మార్చడం క్షేమం. టెస్టు డేటాగా నిజమైన మార్కెట్ ఫైళ్లను రిపోలో పెట్టడం నాకు నచ్చదు. వాటి వాడకపు షరతులు వేరేగా ఉండవచ్చు, పైగా వెయ్యి వరుసల ఫైలులో తప్పును కంటితో ఎవరూ పట్టలేరు. మనం కల్పించుకున్న మూడు ప్లాంట్లే మేలు.

ఏడో మెట్టు: పుల్ రిక్వెస్టు

ఒక పుల్ రిక్వెస్టులో ఒకే మార్పు ఉండాలి. తొలినాళ్లలో నేను ఆరు పంక్తుల సవరణ పంపితే, నా ఎడిటర్ ఫైలు మొత్తాన్ని తన శైలిలోకి మార్చేయడంతో వందల పంక్తులు మారినట్టు కనిపించింది. మెయింటైనర్ దాన్ని మర్యాదగానే మూసివేసి, ఆ ఆరు పంక్తులు మాత్రమే పంపమన్నారు. అప్పటినుంచి ప్రాజెక్టు వాడే ఫార్మాటర్‌నే ముందుగా అమర్చుకుని, పంపే ముందు తేడాలను పంక్తి పంక్తీ నేనే చదువుతున్నాను.

వివరణలో చేతిలెక్కనే పెట్టాలి. ఉదాహరణకు ఇలా రాయవచ్చు: “మూడు ప్లాంట్లు, గిరాకీ 130 మెగావాట్లు, వ్యవధి పావుగంట. రావలసిన ధర 30 యూరోలు, ఇప్పుడు వస్తున్నది 7.5. డ్యూయల్ విలువను వ్యవధితో భాగించకపోవడం కారణం. గంట వ్యవధి వాడేవారి ఫలితాలు మారవు.” చివరి వాక్యాన్ని మెయింటైనర్లు మొదట వెతుకుతారు. ఎవరి ఫలితాలు మారతాయి, ఎవరివి మారవు, ఎంత మారతాయి అన్నవి చెప్పకపోతే రివ్యూ అక్కడే ఆగుతుంది. పెద్ద నమూనాలో ముందూ తర్వాతా పట్టిన సమయం, మెమొరీ కూడా జతచేస్తే మంచిది. కొన్ని ప్రాజెక్టులు ప్రతి కమిట్‌కూ సంతకపు పంక్తి చేర్చమంటాయి, కొన్ని విడిగా ఒప్పందం అడుగుతాయి. అది కంట్రిబ్యూషన్ గైడ్‌లో రాసి ఉంటుంది.

రివ్యూ వ్యాఖ్యలకు జవాబిచ్చేటప్పుడు అంకెలతో మాట్లాడడం మేలు. స్టార్ట్ ఖర్చును కూడా వ్యవధితో గుణించాలి కదా అని రివ్యూయర్ అడిగితే, సిద్ధాంతం మీద పొడుగాటి పేరా రాయడానికి బదులు, గంటలో ఒకసారి స్టార్ట్ అయిన ప్లాంటును నాలుగు ముక్కల్లో నడిపి ఖర్చు మారలేదని చూపే టెస్టు ఒకటి జోడిస్తే వాదన అక్కడితో తీరిపోతుంది. కొన్నిసార్లు ఆ టెస్టు మన వాదననే తప్పని తేలుస్తుంది, అప్పుడు ఒప్పుకుని మార్చడమే. వారాల తరబడి జవాబు రాకపోతే ఒకసారి సౌమ్యంగా గుర్తుచేయవచ్చు. ఈలోగా మెయిన్ బ్రాంచి ముందుకెళ్లిపోతే మన బ్రాంచిని తాజాపరచి, టెస్టులు మళ్లీ నడిపి ఉంచాలి.

ఎనిమిదో మెట్టు: మెర్జ్ తర్వాత

ధరలు మార్చే సవరణ మెర్జ్ అయి అసలు కోడ్‌లో కలిసిన రోజున పని సగమే అయినట్టు. పాత తప్పు ధరను గుర్తించి, తమ స్క్రిప్టులో దాన్ని నాలుగుతో గుణించుకుంటూ వచ్చిన వాడుకరులు ఎక్కడో ఉంటారు. వారికి ఇప్పుడు 30కి బదులు 120 వస్తుంది. అందుకే విడుదల గమనికల్లో ఏ వెర్షన్ నుంచి, ఏ అవుట్‌పుట్, ఎలా మారిందో స్పష్టంగా రాసి, సొంతంగా సర్దుబాటు చేసుకున్నవారు దాన్ని తీసేయాలని ఒక వాక్యం చేర్చాలి. ఫంక్షన్ పేరో పారామితి అర్థమో మారితే ఒక వెర్షన్ పాటు పాతదాన్ని హెచ్చరికతో కొనసాగించడం మంచిది. విడుదలైన మొదటి కొద్ది వారాలు ఆ అంశానికి సంబంధించిన ఇష్యూలకు మనమే ముందుగా జవాబివ్వాలి. ఎవరైనా ధర తేడాగా వస్తోందని రాస్తే, వారి పెద్ద నమూనాను అడిగి తెచ్చుకునే కన్నా, అదే లక్షణం చూపే మూడు ప్లాంట్ల ఉదాహరణ పంపగలరా అని అడగండి. అది తయారు చేసే క్రమంలో కొందరికి తప్పు తమ ఇన్‌పుట్ ఫైలులోనే దొరుకుతుంది, మిగిలినవారు పంపే ఆ ఉదాహరణ టెస్టుల ఫోల్డర్‌లో తదుపరి ఫైలవుతుంది.